బోర్డు రాయించే ముందు: చిన్న వ్యాపారం పేరును సరిచూసి, నమోదు చేయించుకునే పద్ధతి

ఊళ్లో కొత్తగా కొట్టు పెట్టేవాళ్లు మామూలుగా పాటించే వరుస ఇదీ: ముందు పేరు, వెంటనే ముహూర్తం, ఫ్లెక్సు బోర్డు, కవర్లు, విజిటింగ్ కార్డులు. తర్వాత ఆడిటరు దగ్గరికెళ్లి జీఎస్టీ, దాన్ని చూపించి బ్యాంకులో కరెంటు ఖాతా. ఆ పేరు అప్పటికే మరొకరిదా అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. తట్టేసరికి అది లాయరు నోటీసు రూపంలో వస్తుంది. అప్పటికి పది వేల కవర్లు అచ్చయి గదిలో ఉంటాయి.

"జీఎస్టీలో ఈ పేరే వచ్చింది కదా, ఇక మాదే" అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. జీఎస్టీ దరఖాస్తులో ట్రేడ్ నేమ్ అనే గడిలో మీరేం రాస్తే అదే ఎక్కుతుంది. అదే పేరుతో పక్క జిల్లాలో పది మంది ఉన్నా పోర్టల్ అడ్డు చెప్పదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) సర్టిఫికెట్, షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కూడా అంతే. ఇవన్నీ ఫలానా చోట ఫలానా వ్యాపారం నడుస్తోందని చెప్పే కాగితాలు. పేరు మీద హక్కు రెండు దారుల్లో వస్తుంది: ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఒకటి, ఏళ్ల వాడకంతో జనంలో సంపాదించుకున్న గుర్తింపు రెండోది. కంపెనీగానో ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)గానో నమోదైతే అదే పేరుతో మరో కంపెనీ పుట్టకుండా ఆగుతుంది, అంతవరకే.

అందుకే ఇక్కడ వరుసను తిరగేస్తున్నాం. వెతకడం ముందు, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు తర్వాత, మిగతా కాగితాలు ఆ పైన, బోర్డు చివర.

చెప్పేది తేలిగ్గా పట్టుబడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాజమహేంద్రవరంలో ఒకావిడ ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు, సున్నుండలు చేసి అమ్మాలనుకుంటోంది. మనసులో అనుకున్న పేరు "పొయ్యిగట్టు".

మొదటి పని: పేరు నిలిచే రకమేనా?

వెతకడానికి ముందే కొన్ని పేర్లను పక్కన పెట్టేయొచ్చు.

సరుకును ఉన్నదున్నట్టు చెప్పే పేర్లకు ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. "కమ్మని ఆవకాయ", "ఆంధ్రా పచ్చళ్ళు", "ఇంటి రుచులు" లాంటివి ఆ వ్యాపారంలో ఉన్న అందరికీ అవసరమైన మాటలు. ట్రేడ్‌మార్క్‌ల చట్టం, 1999లోని 9వ సెక్షన్ కింద పరీక్షకులు వీటికి అభ్యంతరం పెడతారు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి మీ కొట్టే గుర్తొస్తుందని రుజువులు చూపితే మినహాయింపు ఉంది గానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల దగ్గర ఆ రుజువులు ఎక్కడివి? "పొయ్యిగట్టు" వంటను స్ఫురింపజేస్తుందే తప్ప పచ్చడి అని చెప్పదు. ఇలాంటి పేర్లు నిలుస్తాయి.

ఊరి పేరుతో జాగ్రత్త. భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే చెందే పేరన్న రక్షణ, జీఐ) పొందిన పేర్లు మన రెండు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి: తిరుపతి లడ్డు (2009), ఆత్రేయపురం పూతరేకులు (2023), బందరు లడ్డు, గుంటూరు సన్నం మిరప, బంగినపల్లి మామిడి, హైదరాబాద్ హలీం, పోచంపల్లి ఇకత్, గద్వాల చీరలు. వీటిని ఎవరూ సొంత ట్రేడ్‌మార్క్ చేసుకోలేరు. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారుకాని సరుకు మీద ఆ పేరు వేస్తే అది వేరే నేరం.

దేవుళ్ల పేర్లు మన వాళ్లకు మొదట తట్టేవి. వాడుకోవడానికి అడ్డేమీ లేదు, కానీ ఆ పేరు మీ ఒక్కరిదీ కాబోదు. అగరుబత్తుల మీద "రామాయణ్" అనే పేరును ఒకరికే ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. "శ్రీ వెంకటేశ్వర" అని పెట్టుకుని, పక్క వీధిలో ఇంకొకరు అదే పేరు పెట్టారని కోర్టుకెళ్తే అక్కడ మీ చేతిలో బలమేమీ ఉండదు.

గాంధీజీ, ఛత్రపతి శివాజీ, ప్రధానమంత్రి పేర్లు, బొమ్మలు 1950 నాటి "చిహ్నాలు, పేర్ల చట్టం" కింద వ్యాపారానికి నిషిద్ధం. "నేషనల్", "సెంట్రల్", "బోర్డ్", "అథారిటీ", "పంచాయత్" లాంటి మాటలు కంపెనీ పేరులో ఉండాలంటే కేంద్రం అనుమతి కావాలి. "బ్యాంక్", "ఇన్సూరెన్స్", "మ్యూచువల్ ఫండ్" లాంటివైతే ఆయా నియంత్రణ సంస్థ ఒప్పుకోవాలి.

భాగస్వామ్య సంస్థలకు ఇంకో విచిత్రమైన జాబితా ఉంది. 1932 చట్టం బ్రిటిష్ వాళ్ల కాలంలో రాసింది కాబట్టి "రాయల్", "కింగ్", "క్వీన్", "ఇంపీరియల్", "ఎంపైర్", "క్రౌన్" అనే మాటలు రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా సంస్థ పేరులో ఉండకూడదని 58వ సెక్షన్ ఇప్పటికీ అంటుంది. ఒంటరిగా "రాయల్ బేకరీ" నడుపుకుంటున్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. బావమరిదిని భాగస్వామిగా చేర్చుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్లిన రోజు ఫైలు ఆగుతుంది.

రెండో పని: స్పెల్లింగుల చిట్టా

దీన్ని చాలామంది దాటేస్తారు. రిజిస్టర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో నడుస్తాయి, మన పేర్లేమో తెలుగువి. ఒకే పేరును నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. "శ్రీ"ని ఎస్ ఆర్ ఐ అని, ఎస్ ఆర్ డబుల్ ఈ అని, మధ్యలో హెచ్ పెట్టి, చివర వై పెట్టి రాసేవాళ్లున్నారు. "లక్ష్మి"లో కె ఎస్ హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. దీర్ఘానికి డబుల్ ఏ కొందరు పెడతారు, కొందరు పెట్టరు. "త"కు టి మాత్రమే రాసేవాళ్లు, టి హెచ్ రాసేవాళ్లు. "వ"కు వి, డబ్ల్యూ. ఒక్క స్పెల్లింగుతో వెతికి "ఎవరూ లేరు" అనుకుంటే అది సగం వెతుకులాటే.

కాగితం మీద పేరు రాసి, కింద ఈ మార్పులన్నీ పెట్టండి:

1. డబుల్ అక్షరాలు ఉంచి, తీసేసి. "పొయ్యిగట్టు"కు రెండు వైలు రెండు టీలు; ఒక వై రెండు టీలు; రెండూ ఒక్కొక్కటే.
2. పదాలు కలిపి, విడదీసి: "పొయ్యి గట్టు".
3. ముక్కలుగా: "పొయ్యి" ఒక్కటే, "గట్టు" ఒక్కటే.
4. అర్థం ఒక్కటే అయిన మాట. కంపెనీ నియమాల్లో హిందీ, ఇంగ్లీషు పూర్తి అనువాదాలను ఒకే పేరుగా లెక్కిస్తారు. "ఓం ఎలక్ట్రిసిటీ కార్పొరేషన్" ఉంటే "ఓం విద్యుత్ నిగమ్" రాదు. సంస్కృత పదాలతో పేరు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.
5. ముందు "శ్రీ", "న్యూ", "సాయి" చేర్చి, తీసేసి.

సంఖ్యాశాస్త్రం ప్రకారం పేరులో ఒక ఏ ఎక్కువ పెట్టించడం మన దగ్గర మామూలే. అదృష్టం సంగతి అలా ఉంచితే, రిజిస్ట్రారు ముందు ఆ అదనపు అక్షరం లెక్కలోకి రాదు. చెవికి ఒకేలా వినిపిస్తే ఒకే పేరు.

మూడో పని: ట్రేడ్‌మార్క్ రిజిస్టరులో వెతకడం

ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే కేంద్ర కార్యాలయపు ఐపీ ఇండియా వెబ్‌సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉంది, ఉచితం. వెతకాలంటే ముందు క్లాసు తెలియాలి. సరుకులు, సేవలన్నీ కలిపి 45 క్లాసులు. 1 నుంచి 34 దాకా సరుకులవి, 35 నుంచి 45 దాకా సేవలవి. చిన్న వ్యాపారాలకు తరచూ తగిలేవి ఇవి: పచ్చళ్ళు, నెయ్యి, వంటనూనె, పాల సరుకులు 29లో, కారప్పొడులు, మసాలాలు, బియ్యం, మిఠాయిలు, కాఫీ, టీ 30లో, చీరలు, దుస్తులు 25లో, తాన్ల గుడ్డ 24లో, నగలు 14, సబ్బులు, సౌందర్య సాధనాలు 3, దుకాణం, ఆన్‌లైన్ అమ్మకాలు 35, కోచింగ్ సెంటరు 41, హోటల్, టిఫిన్ సెంటరు, కేటరింగ్ 43, క్లినిక్, బ్యూటీ పార్లరు 44.

మన ఉదాహరణలో పచ్చళ్ళకు 29, పొడులకు, సున్నుండలకు 30. రెండింటిలోనూ వెతకాలి. దగ్గరి వ్యాపారాలైన 35, 43 కూడా చూడాలి. అదే పేరుతో రాజమండ్రిలోనే భోజన హోటల్ ఉంటే, పచ్చళ్ళు కూడా వాళ్లవేనని జనం అనుకోవడం ఖాయం.

వెతికే తీరు:

1. వర్డ్‌మార్క్ (బొమ్మ లేని అక్షరాల మార్కు) ఎంచుకుని, ముందుగా "ఈ మాటతో మొదలయ్యేవి" అన్న ఎంపికతో పేరు మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి. పూర్తి పేరు కొడితే దగ్గరి స్పెల్లింగులు జారిపోతాయి.
2. తర్వాత "ఈ మాట కలిగి ఉన్నవి" ఎంపికతో ముక్కలు కొట్టండి.
3. ఫొనెటిక్ సెర్చ్ (ఉచ్చారణను బట్టి వెతికేది) కూడా వాడండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. తెలుగు పలుకుబడి దానికి సరిగా అందదు. చిట్టాలోని స్పెల్లింగులన్నీ చేత్తో కొట్టడమే మంచి పద్ధతి.
4. ప్రతి వెతుకులాటనూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు ఎవరైనా కావాలని కాపీ కొట్టారంటే, ముందే వెతికామని చూపడానికి పనికొస్తుంది.

దగ్గరి పేరు కనబడితే దాని స్థితి చదవాలి. "రిజిస్టర్డ్" అంటే దాదాపు తలుపు మూసుకున్నట్టే. "ఆబ్జెక్టెడ్" అంటే పరీక్షకులు అభ్యంతరం పెట్టారు, ఇంకా తేలలేదు. వాళ్ల దరఖాస్తు తేదీ ముందుది కాబట్టి మీ దరఖాస్తుకు అది అడ్డుపడుతుంది. "అపోజ్డ్" అంటే మూడో మనిషి ఎదురు తిరిగాడు. ఇది ఏళ్లు పట్టొచ్చు. "అబాండన్డ్", "రిఫ్యూజ్డ్", "విత్‌డ్రాన్" అంటే ఆ దరఖాస్తు కథ ముగిసింది, కానీ దరఖాస్తు చచ్చినంత మాత్రాన వ్యాపారం చావదు. వాళ్లు బజారులో ఆ పేరుతో ఇంకా అమ్ముతున్నారేమో విడిగా చూడాలి. "రిమూవ్డ్" అంటే రెన్యువల్ చేయించుకోలేదు. అయినా తొలగించిన ఏడాది దాకా ఆ మార్కు కొత్త దరఖాస్తులకు అడ్డు రావచ్చు, పాత యజమాని పునరుద్ధరించుకునే వీలూ ఉంది.

పోలిక ఎంతవరకు? రెండు పేర్లను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడం తప్పు పద్ధతి. సుప్రీంకోర్టు 1962లో "అమృతధార", "లక్ష్మణధార" మందుల తగాదాలో చూసింది వేరే కొలత: మామూలు తెలివి ఉండి, పేరు అస్పష్టంగా గుర్తున్న కొనుగోలుదారు మోసపోతాడా? ఆ లెక్కన ఆ రెండూ ఒకదాన్నొకటి పోలినవేనని తేల్చింది. మీ పేరును ఇంట్లో పెద్దవాళ్లకు ఫోనులో ఒకసారి చెప్పి, మర్నాడు అడగండి. వాళ్లు తిరిగి చెప్పేది ఇంకొకరి బ్రాండు అయితే అక్కడే వదిలేయండి.

నాలుగో పని: మిగతా చోట్ల

కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ, ఎల్‌ఎల్‌పీ పేర్లు ఉచితంగా వెతకొచ్చు. మీరు కంపెనీ పెట్టకపోయినా చూడండి, ఎందుకంటే ఆ కంపెనీ ఎప్పటినుంచో ఆ పేరు వాడుతూ ఉంటే హక్కు వాళ్లదే. జీఎస్టీ పోర్టల్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. మామూలు వెతుకులాట జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు)తోనో పాన్‌తోనో జరుగుతుంది.

రిజిస్టర్లలో లేని వ్యాపారులే మన దగ్గర ఎక్కువ. అందుకని గూగుల్ మ్యాప్స్‌లో చుట్టుపక్కల జిల్లాలు, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో తెలుగు లిపితోనూ ఇంగ్లీషు అక్షరాలతోనూ చూడండి. రిజిస్ట్రేషన్ లేకపోయినా ముందునుంచీ వాడుతున్నవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. అహ్మదాబాద్‌లో "ముక్తజీవన్ కలర్ ల్యాబ్" అనే ఫొటో స్టూడియో 1982 నుంచి నడుస్తుంటే, ఇంకొకరు ముందు మూడు అక్షరాలు తగిలించి అదే పేరుతో తెరిచారు. సుప్రీంకోర్టు 2001లో రెండోవాళ్లను ఆపింది. మన ఊళ్లలో "న్యూ" చేర్చి బోర్డు పెట్టేవాళ్లు ఈ తీర్పును ఒకసారి తలచుకోవాలి.

డొమైన్ పేరు దొరుకుతుందేమో అదే రోజు చూసి, దొరికితే అదే రోజు కొనేయండి. ఏడాదికి అయ్యేది తక్కువ. కానీ డొమైన్ దొరకడం హక్కు కాదు. సత్యం ఇన్ఫోవే వాళ్ల "సిఫీ" పేరును పోలిన డొమైన్ వేరొకరు తీసుకుంటే, డొమైన్ పేరుకూ వ్యాపారనామానికి ఉన్న రక్షణే ఉంటుందని 2004లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఐదో పని: ట్రేడ్‌మార్క్ దరఖాస్తు

ఫారం పేరు టీఎం-ఏ. ఫీజు క్లాసుకింత: ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. కాగితాల మీద పెడితే 5,000, 10,000. భాగస్వామ్య సంస్థో కంపెనీయో పెట్టేవాళ్లు ముందు ఉద్యమ్ సర్టిఫికెట్ తీసుకుంటే సగం ఫీజుతో అవుతుంది. దరఖాస్తుతో పాటు అది జతచేయాలి. మన ఉదాహరణలో 29, 30 రెండు క్లాసులకు 9,000. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

నింపేటప్పుడు తప్పులు దొర్లే చోట్లు:

యజమాని పేరు. ఒంటరి వ్యాపారమైతే మీ సొంత పేరు రాసి, ఫలానా పేరుతో వ్యాపారం చేస్తున్నానని చేర్చాలి. కొట్టు పేరే యజమానిగా రాయకూడదు. ఆ కొట్టుకు చట్టం ముందు విడిగా ఉనికి లేదు. తర్వాత కంపెనీ పెడితే మార్కును రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేసి, టీఎం-పీ ఫారంతో రికార్డు చేయించాలి.

వాడకం తేదీ. ఇంకా అమ్మకం మొదలుకాకపోతే "వాడబోతున్నాం" అని పెట్టండి. ఇప్పటికే అమ్ముతుంటే మొదటి తేదీ రాసి, అఫిడవిట్, ఆ తేదీ నాటి బిల్లులు, లేబుళ్లు, ప్రకటనలు జతచేయాలి. ముందు తేదీ వేస్తే బలమని లేని తేదీ రాయడం ప్రమాదం. ఎదుటివాళ్లు తగాదాకు దిగిన రోజు ముందుగా పట్టుకునేది దాన్నే.

లిపి. తెలుగు లిపిలో ఉన్న మార్కుకు ఇంగ్లీషు లేదా హిందీలో ఉచ్చారణ, అర్థం రాసివ్వాలని 2017 నియమాలు చెబుతాయి. ఒక్క దరఖాస్తుకే డబ్బుంటే బొమ్మ, రంగులు లేకుండా ఇంగ్లీషు అక్షరాల వర్డ్‌మార్క్ పెట్టడం మేలు. దాన్ని ఏ అక్షరశైలిలో వాడినా రక్షణ ఉంటుంది, రేపు లోగో మార్చినా పర్వాలేదు. తెలుగు లిపి లేబుల్ రెండో దరఖాస్తుగా తర్వాత పెట్టుకోవచ్చు.

ఈమెయిలు. ఏజెంటు ద్వారా పెడితే ఆయనకు అధికార పత్రం రాసిస్తారు, ఉత్తరాలన్నీ ఏజెంటుకే వెళ్తాయి. పరీక్ష నివేదిక అందిన నెలలోపు జవాబివ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్కిస్తారు. పేరులో ఏ లోపం లేకున్నా, ఈ చూడని ఈమెయిలు వల్లే దరఖాస్తు పోవచ్చు. ఎవరు దాఖలు చేసినా దరఖాస్తు నంబరు మీ దగ్గరుంచుకుని, పదిహేను రోజులకోసారి స్టేటస్ మీరే చూసుకోండి.

పరీక్ష దాటితే మార్కు ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వస్తుంది. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే రిజిస్ట్రేషన్. ఏ అడ్డూ రాకున్నా మొత్తం ఆరు నెలలు దాటడం మామూలే. దరఖాస్తు పెట్టిన రోజునుంచే పేరు పక్కన టీఎం వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ముందే వేస్తే చట్టాన్ని ఉల్లంఘించినట్టు. రిజిస్ట్రేషన్ పదేళ్లు, దరఖాస్తు తేదీనుంచి లెక్క. ఆన్‌లైన్ రెన్యువల్ క్లాసుకు 9,000. రిజిస్టరు చేయించి అయిదేళ్లకు పైగా వాడకపోతే తీసేయించమని ఇతరులు కోరవచ్చు.

జర్నల్‌లో పేరు వచ్చాక ప్రభుత్వ ఉత్తరంలా కనిపించే బిల్లులు వస్తుంటాయి, ఏదో అంతర్జాతీయ రిజిస్టరులో ఎక్కిస్తామని. అధికారిక పోర్టల్‌లో కట్టమని లేకపోతే కట్టొద్దు. ఉద్యమ్ విషయంలోనూ ఇదే. అది 2020 జులై 1న మొదలైంది, పూర్తిగా ఉచితం. డబ్బడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

ఆరో పని: వ్యాపార రూపాన్ని బట్టి నమోదు

ఒంటరి వ్యాపారం: పేరు కోసం ప్రత్యేక రిజిస్టరు లేదు. ఆధార్‌తో ఉద్యమ్, పని మొదలైన 30 రోజుల్లోపు కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద నమోదు, మునిసిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు, తినే సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు. సరుకులకు జీఎస్టీ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. ఇతర రాష్ట్రాలకు సరుకు పంపేవాళ్లు ఈ హద్దులతో సంబంధం లేకుండా జీఎస్టీ సంగతి ఆడిటరును అడగాలి. కొట్టు పేరుతో కరెంటు ఖాతా తెరవడానికి ఆ పేరున్న రెండు కాగితాలు బ్యాంకు అడుగుతుంది. ఉద్యమ్, షాపుల సర్టిఫికెట్ ఆ పనికి సరిపోతాయి.

భాగస్వామ్యం: జిల్లా రిజిస్ట్రారు దగ్గర సంస్థల రిజిస్ట్రేషన్. ఇది తప్పనిసరి కాదు, కానీ చేయించకపోతే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం బాకీదారు మీద సంస్థ దావా వేయలేదు. అప్పు సరుకు ఇచ్చే వ్యాపారంలో ఇది చిన్న నష్టం కాదు. ఒప్పంద పత్రంలో ఒక వాక్యం తప్పక రాయించండి: విడిపోతే పేరు ఎవరిది? అన్నదమ్ములు వేరుపడి ఒకే పేరుతో ఎదురెదురు కొట్లు పెట్టుకోవడం మన ఊళ్లలో కొత్త కాదు. ఆ ఒక్క వాక్యం లేకనే చాలా తగాదాలు.

ఎల్‌ఎల్‌పీ: పేరు చివర ఎల్‌ఎల్‌పీ అని ఉండాలి. పేరు కోసమే విడిగా అడిగితే 200 రూపాయలు, రెండు పేర్లు ఇవ్వొచ్చు, మంజూరైతే మూడు నెలలు మీకు పట్టి ఉంచుతారు.

ప్రైవేట్ లిమిటెడ్, ఒంటరి వ్యక్తి కంపెనీ: స్పైస్ ప్లస్ ఫారం పార్ట్ ఏలో పేరు అడగాలి. ఫీజు 1,000. రెండు పేర్లు, వ్యాపారం దేని గురించో ఎన్‌ఐసీ కోడుతో (వ్యాపార రకాన్ని చెప్పే ప్రభుత్వ అంకె), చిన్న వివరణతో. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ కార్యాలయం చూసి నిర్ణయిస్తుంది. తిరగ్గొట్టే కారణాలు ఎక్కువగా ఇవే: ఏకవచనం బహువచనం తేడా మాత్రమే ఉండటం, పదాల వరుస మార్చడం, డాట్ కామ్ చేర్చడం, ఉన్న పేరుకు ఊరి పేరు తగిలించడం, అంకె కలపడం, లేదా ఎవరిదో ట్రేడ్‌మార్క్ లేదా పెండింగ్ దరఖాస్తు అందులో ఉండటం. చివరి కారణానికి ఆ యజమాని రాతపూర్వక అంగీకారం ఉంటే దారి ఉంది. మీరు ముందే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టి ఉంటే ఆ నంబరు జతచేయండి, పని తేలికవుతుంది. సవరించమని వెనక్కి పంపితే 15 రోజుల్లో సరిచేసి పంపాలి. పూర్తిగా తిరస్కరిస్తే మళ్లీ 1,000.

మంజూరైన పేరు 20 రోజులే ఉంటుంది. ఆలోగా డిజిటల్ సంతకాలు, చిరునామా రుజువు, మిగతా పత్రాలు సిద్ధం కాకపోతే గడువులోపే 1,000 కట్టి ఇంకో 20 రోజులు, తర్వాత 2,000తో మరో 20 రోజులు పొడిగించుకోవచ్చు. ఒకేసారి 3,000 కడితే 40 రోజులు. ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసిచ్చే పత్రం, తాజా కరెంటు బిల్లు దగ్గర పెట్టుకున్నాకే పేరు అడగండి. 20 రోజులు అక్కడే కరిగిపోతాయి.

కంపెనీ బోర్డు మీద పేరు స్థానిక భాష లిపిలో కూడా ఉండాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్. మన దగ్గరైతే తెలుగు తప్పదు.

ఏడో పని: అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగు

ట్రేడ్‌మార్క్‌లో "పొయ్యిగట్టు", జీఎస్టీలో "పొయ్యిగట్టు ఫుడ్స్", బ్యాంకులో "పొయ్యి గట్టు హోమ్ ఫుడ్స్", ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో కేవలం సొంత పేరు. ఇలా ఉంటే చెక్కులు వెనక్కొస్తాయి, పేమెంట్ గేట్‌వే ఖాతా ధ్రువీకరణ ఆగుతుంది, ఆన్‌లైన్ మార్కెట్‌లో బ్రాండు నమోదు కుదరదు. చిట్టాలోంచి ఒక్క స్పెల్లింగు ఎంచుకుని ఫోనులో సేవ్ చేసి, ప్రతి ఫారంలోనూ అక్కడినుంచే కాపీ చేయండి. చేత్తో కొట్టొద్దు, ఇంటర్నెట్ సెంటరు కుర్రాడికి నోటితో చెప్పొద్దు. జీఎస్టీలో ట్రేడ్ నేమ్ మారిస్తే 15 రోజుల్లో సవరణ పెట్టాలి. జీఎస్టీఐఎన్ నంబరు కొట్టు బోర్డు మీద ఉండాలి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు ఆ మాట కూడా రాయించాలి. బోర్డు చివర రాయించమన్నది అందుకే.

నోటీసు వస్తే

ఇంత చేసినా నోటీసు రావచ్చు. జవాబివ్వకుండా ఊరుకోవడం, కోపంతో వాట్సాప్‌లో జవాబు రాయడం రెండూ చెడగొట్టే పనులే. ముందు వాళ్ల దరఖాస్తు నంబరు తీసుకుని రిజిస్టరులో క్లాసు, స్థితి, వాడకం తేదీ చూడండి. మీ మొదటి బిల్లు తేదీ వాళ్ల వాడకానికీ, వాళ్ల రిజిస్ట్రేషన్‌కూ ముందుదైతే ట్రేడ్‌మార్క్‌ల చట్టం 34వ సెక్షన్ మీ వైపు నిలుస్తుంది. అందుకే మొదటి నెల బిల్లులు, లేబుల్ అచ్చు బిల్లు, మొదటి ఇన్‌స్టాగ్రామ్ పోస్టు దాచుకోవాలి. సొంత పేరునో ఇంటిపేరునో నిజాయితీగా వాడుతుంటే అదే చట్టం 35వ సెక్షన్ రక్షణ ఉంది.

కంపెనీల విషయంలో ట్రేడ్‌మార్క్ యజమాని ఆ కంపెనీ పేరు నమోదైన మూడేళ్లలోపు కంపెనీ వ్యవహారాల శాఖ రీజినల్ డైరెక్టరు దగ్గరికి వెళ్లి పేరు మార్పించవచ్చు. ఆదేశం వచ్చాక మూడు నెలల్లో మార్చకపోతే, 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం రిజిస్టరే మీ పేరు మార్చేస్తుంది: "రీజినల్ డైరెక్టరు ఆదేశం పాటించలేదు" అని చెప్పే ఇంగ్లీషు పొడి అక్షరాలు, ఏడాది, ఒక వరుస నంబరు. ఆ పేరుతో బిల్లు కొట్టి కస్టమరు చేతికివ్వాల్సి రావడం కంటే, వ్యాపారం చిన్నగా ఉన్నప్పుడే పేరు మార్చుకోవడం చవక.

విదేశాల్లోని మనవాళ్లకు పచ్చళ్ళు పంపే ఆలోచన ఉంటే ఇంకొక్క సంగతి. ఇక్కడి ట్రేడ్‌మార్క్ ఇక్కడికే పరిమితం. అమెరికాలో డిస్ట్రిబ్యూటరుగా పెట్టుకున్న వ్యక్తి తన పేరు మీద మీ బ్రాండు నమోదు చేయించుకుంటే మీ సరుకును అక్కడ మీరే అమ్ముకోలేని పరిస్థితి వస్తుంది. భారత్ 2013లో మాడ్రిడ్ ఒప్పందంలో చేరింది కాబట్టి, ఇక్కడి దరఖాస్తును ఆధారంగా చేసుకుని ఇతర దేశాలకూ ఇక్కడినుంచే పెట్టవచ్చు. డిస్ట్రిబ్యూటరుతో సంతకాలు చేసే ముందే ఆ పని చూసుకోండి, ఒప్పందంలో పేరు మీదేనని రాయించుకోండి.